కలివిమిట్ట మీద పలికిన గొంతు

నవంబరు 24, సోమవారం

జయపాల్ అబద్ధం చెప్పాడు. ఊరంతా వింటుండగా, మైకు చేత పట్టుకుని, అధికారుల ముందు అబద్ధం చెప్పాడు. రేపు కోపం చల్లారితే ఇంకో రకంగా రాసుకుంటానేమోనని ఈ మాట ముందే రాసి పెట్టుకుంటున్నాను.

బడి ఆవరణలో షామియానా వేశారు. కలివిమిట్ట మీద బండల గని తవ్వడానికి ప్రజాభిప్రాయ సేకరణ. కంపెనీవాళ్ళు మజ్జిగ పొట్లాలు పంచారు. ప్రజల అభిప్రాయం చాలావరకు మజ్జిగ చల్లగా ఉందనే. నా వంతు వచ్చినప్పుడు నేను లేచి ఫోన్లో రికార్డు వినిపించాను. ఈ నెల మొదట్లో, పొద్దు గుంకిన తరువాత, మిట్ట తూర్పు వాలులో నేను పట్టిన గొంతు. రెండే ముక్కలు. మొదటిది కురచ, రెండోది కొంచెం సాగుతుంది. క్విక్-కూ. క్విక్-కూ.

కలివికోడి. మన వైపు ముళ్ళకంపల్లో తప్ప ఇంకెక్కడైనా ఉందని ఎవరూ గట్టిగా చెప్పలేని పిట్ట. పగలంతా కంప కింద నక్కి ఉంటుంది. చీకటి పడే వేళ కాసేపు పలికి ఊరుకుంటుంది. కంటికి దొరకదు, చెవికి దొరకాల్సిందే. అది ఉందని తేలితే మిట్ట మీద గడ్డపార పడదు. అధికారుల పక్కన కూర్చున్న పిట్టల సర్వే సారు కళ్ళద్దాలు తీసి, మళ్ళీ వేయమన్నాడు. మళ్ళీ వేశాను.

అప్పుడు, నాకు ఆ గొంతు గుర్తుపట్టడం నేర్పిన జయపాల్ లేచాడు. నేను చప్పట్లు కొట్టబోయాను. నిజంగానే చేతులు దగ్గరికి వచ్చాయి.

"సార్, ఆ గొంతు పిట్టది కాదు. నా స్పీకరుది. పలుకుతాదేమోనని పడమటి పక్కనుంచి నేనే వేసినా. మావోడు తూరుపు పక్కన కూచోని దాన్నే రికార్డు చేసుకున్నాడు. పిల్లోడు. తెలీక చేసినాడు."

పిల్లోడంట!

ముందు ఎవరూ నవ్వలేదు. వెనక బెంచీ మీద కంబన్న తాత మొదలుపెట్టాడు. "ఏమప్పా ఓబుళేశూ, నీ కోడికి చార్జింగు పెట్టినావా?" ఇక షామియానా మొత్తం నవ్వింది. మా నాయన కూడా నవ్వాడు. కంపెనీవాళ్ళు మాత్రం మర్యాదగా తల వంచుకున్నారు.

ఇద్దరం రెండు మాటలు చెప్పాము కాబట్టి డిసెంబరు 6, శనివారం సాయంత్రం తానే వచ్చి మిట్ట మీద కూర్చుంటానని సారు చెప్పాడు. పిట్ట పలికితే పలికిందని రాస్తాడు. పలకకపోతే గని ఫైలు పైకి పోతుంది. అంతే.

జయపాల్ గురించి ఇక రాయను.

నవంబరు 25

సెల్లుకోడి. నా కొత్త పేరు. బస్టాపులో, టీ బంకులో, మా సొంత కల్లంలో.

నవంబరు 26

రాయనన్నాను గానీ, ఒక సంగతి లెక్క తేల్చుకోవాలి.

జయపాల్ చర్చిలో పాటలు నేర్పుతాడు. ఎవరి గొంతు ఏ మెట్టు మీద జారిందో వీపు తిప్పి నిలబడి చెప్పగలడు. సర్వేవాళ్ళు ఈ ఊరికి వచ్చినప్పుడు ఆయన చెవి సంగతి విని, పిట్టల గొంతులు వినడానికి పెట్టుకున్నారు. నేను బేతంచెర్లలో పాలిషు ఫ్యాక్టరీ వదిలేసి ఇంటికి వచ్చిన కొత్త. పగలు కరపత్రాలు చదవడం, సాయంత్రం ఎవరితోనో ఒకరితో పోట్లాడటం. "నోరు ఊరికే ఉంటే చెవులు పని చేస్తాయి, రారా" అని నన్ను మిట్టకు తీసుకెళ్ళాడు.

మొదట నాకు చీకటి మొత్తం ఒకటే చప్పుడు. విడదీసి ఇచ్చింది ఆయనే. తీతువు తిట్టినట్టు అరుస్తుంది, మనిషి పోయాక కూడా తిడుతుంది. ఇంకొకటి నేలమీద కూర్చుని, గోలీ బండమీద పడి ఎగిరెగిరి ఆగినట్టు కూస్తుంది. పెద్దకళ్ళ పిట్ట ఈల వేస్తే ఒకటి మొదలెట్టగానే పక్కవి కూడా అందుకుంటాయి. "ఇవి మా కోయిర్ మాదిరి, ఒకరికోసం ఒకరు ఆగరు" అని నవ్వేవాడు. కలివికోడి గొంతును తన నోటితో అని చూపించాడు. తరువాత సర్వేవాళ్ళు ఇచ్చిన స్పీకరులో వినిపించాడు.

పని పద్ధతి ఇది. స్పీకరులో ఆ గొంతు వేస్తాము, ఆపేస్తాము, జవాబు కోసం ఊపిరి బిగబట్టి కూర్చుంటాము. స్పీకరు ఒక్కటే, అది జయపాల్ దగ్గర. ఒకరు ఇటు, ఒకరు అటు కూర్చుని ఊరికే వినే సాయంత్రాల్లో దాన్ని తీయకూడదు. తీస్తే ఒకరి స్పీకరుకు ఇంకొకరు మోసపోతారు. ఈ నియమం పెట్టింది ఆయనే.

ఆ సాయంత్రం మేము ఊరికే వినడానికి వెళ్ళాము. నేను పరుగెత్తుకుంటూ పోయి రికార్డు వినిపిస్తే ఆయన నా ఫోను చెవికి ఆనించుకుని నేలమీద కూర్చుండిపోయాడు. "దొరికింద్రా ఓబులా" అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. కాళ్ళకు గుచ్చుకున్న ముళ్ళు ఇద్దరమూ ఇంటికి వచ్చాక గానీ చూసుకోలేదు.

తన స్పీకరు గొంతుకే మనిషి ఏడుస్తాడా?

నవంబరు 28, శుక్రవారం

ఒక్కడినే మిట్టకు వెళ్ళాను. తీతువు తిట్టింది. గోలీ పిట్ట గోలీలు ఆడింది. ఊరి పక్కనుంచి గుడ్లగూబ. పెద్దకళ్ళ పిట్టలు ఈలలు వేశాయి. కలివికోడి లేదు.

నిన్న కూడా లేదు.

వినబడనంత మాత్రాన లేనట్టు కాదు. సర్వే సారే ఒకసారి అన్నాడు, ఏళ్ళ తరబడి పలకకుండా ఉండగలదని. సారుకు శనివారం ఒక్కటే ఉంది.

కూర్చుని దిగువన ఊరి దీపాలు చూస్తుంటే బేతంచెర్ల గుర్తుకు వచ్చింది. అక్కడ చెట్ల ఆకులు తెల్లగా ఉంటాయి. రాతి పొడి. వాన పడితే రెండు రోజులు పచ్చగా కనబడి మళ్ళీ తెల్లబడతాయి. మా షెడ్డులో పనిచేసే మనిషి దగ్గితే గుడ్డ కూడా తెల్లగానే ఉండేది. కార్మిక సంఘం ఆఫీసులో నేను చదివిన కరపత్రాలన్నీ అక్కడివే. వాటిలో ద్రోహి అనే మాట కనబడినప్పుడల్లా నాకు ఏదో ఒక లావుపాటి మనిషి, తెల్ల కారు గుర్తొచ్చేవి. సన్నగా, పాటలు పాడుతూ, చెప్పులు కుట్టించుకుని తొడుక్కునే మనిషి ఎప్పుడూ గుర్తు రాలేదు.

నిజంగానే అది స్పీకరేమో.

ఈ వాక్యం కొట్టేయాలి.

నవంబరు 30, ఆదివారం

ఆరాధన అయ్యేదాకా చర్చి గోడ బయట నిలబడ్డాను. అందరూ బయటికి వస్తూ నన్ను చూసి వందనాలు చెప్పారు. వందనాలు చెప్పేవాళ్ళ ముందు కోపంగా నిలబడటం కష్టం. చివరికి జయపాల్, ఆయన భార్య నిస్సీ వదిన వచ్చారు. వదిన చేతిలో ఆ స్పీకరు. నల్లటిది, ఇటుకంత.

"అన్నా, ఒక్క మాట."

"ఇంటికి రా, మాట్లాడదాం."

"ఈడనే చెప్పు. దేవుని గోడ కాడనే చెప్పు. ఆ పొద్దు నువ్వు స్పీకరు వేసినావా?"

"వేసినా అని చెప్పినా కదా."

"మైకులో చెప్పినావు. నాకు చెప్పు."

ఆయన నా మొహం చూడలేదు. "వేసినా."

"నాకు చెప్పకుండానా? నియమం నీదే కదన్నా! మరి యేడ్చినావే? నీ స్పీకరు చూసి నువ్వే యేడ్చినావా?"

"గట్టిగా అరవొద్దురా, జనాలు చూస్తాండారు."

"చూడనీ! షామియానా కింద చూడలేదా?"

అప్పుడు నిస్సీ వదిన స్పీకరును గోడమీద టపుక్కున పెట్టింది.

"నాకు ఇంక చేతకాదు, యేసయ్యా. వింటావా ఓబుళేశూ? ఆ పొద్దు ఇది నా కాడ ఉండాది. కోత పండుగ పాటలు నేర్పిస్తాంటిమి. ఆడపిల్లలందురూ సాక్ష్యమే. ఈయప్ప ఉత్త చేతులతో మిట్టకు వచ్చినాడు. చాలునా?"

"నిస్సీ!"

"ఏంది నిస్సీ? వారం నుంచి నువ్వు అన్నం తింటాండావా, మేం తింటాండామా? ఆ పిల్లోన్ని నలుగుర్లో నవ్వులపాలు చేసి, ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పండుకుంటావు."

పిట్టే పలికింది. ఒక్క క్షణం సంతోషమే. తరువాత అర్థమైంది, తెలిసే చెప్పాడని. ఆ గొంతు విని ఏడ్చిన మనిషే దాన్ని లేదన్నాడు.

"కంపెనీవాళ్ళు నీకేం ఇస్తామన్నారు?" అని అడిగాను. చాలా నీచంగా అడిగాను, తెలుసు.

జయపాల్ అప్పుడు తలెత్తాడు. ఆయన కోపం నేను ఎప్పుడూ చూడలేదు. గొంతు పెంచలేదు, ఇంకా తగ్గించాడు.

"నన్ను అడిగినట్లే మీ నాయన్ను అడుగు. ఇంట్లోనే ఉండాడు కదా, ఇంత దూరం యాల వచ్చినావు?"

అదే రోజు, పడుకోబోయే ముందు

అడగలేదు. అన్నం తిన్నాను. గోంగూరలో ఉప్పు తక్కువైందని నాయన అమ్మతో అన్నాడు. నాకూ అలాగే అనిపించింది.

డిసెంబరు 1, సోమవారం

ఉదయం కల్లంలో అడిగాను. నాయన మోటారు ఫ్యూజు చూస్తున్నాడు. అమ్మ కసవు ఊడుస్తోంది.

"జయపాలన్నతో ఆ మాట చెప్పించింది నువ్వేనా?"

కాదంటాడనుకున్నాను. కాదంటే బాగుండునని కూడా అనుకున్నాను.

"నేనే." ఫ్యూజు తీగ పళ్ళతో కొరికి తెంపాడు. "గనికి పోయే బాట మన చేను మీదనే పోవల్ల. లారీల కాంట్రాక్టు మనకే అంటాండారు. నువ్వు బేతంచెర్లలో ఒకరి కింద చేసిన పని, ఈడ నీ కింద పదిమంది చేస్తారు. ఇదంతా యెవురి కోసం?"

"నా కోసం చెయ్యొద్దు."

"సరే, నా కోసం చేసుకుంటా."

"ఆయన్ను ఏమని బెదిరించినావు?"

"బెదిరించేదేంది? ఇస్తానని చెప్పినా." చేనికి పడమటి మూలవైపు చెయ్యి చూపించాడు. చర్చివాళ్ళ సమాధుల తోట అక్కడే. మా తాత నోటిమాటతో ఇచ్చిన మూల. పట్టా ఇప్పటికీ మాదే. జయపాల్ నాయన ఏసేపు పెద్దనాయన అక్కడే ఉన్నాడు. నాకు ఈత నేర్పింది ఆ ఏసేపు పెద్దనాయనే. "గని వచ్చినాక అది వాళ్ళ పేరు మీద రాసిస్తానని చెప్పినా. తాతలనాటి నుంచి అడుగుతాండారు కదా. చెప్పకుంటే ఈ పండక్కే కంచె వేస్తానని చెప్పినా. నా చేను, నా కంచె. తప్పేముండాది?"

"తాత మాట?"

"తాత పోయినాడు. మాట ఆయనతోనే పోయింది."

ఏమన్నానో వరుసగా గుర్తులేదు. నా భాగం నాకు పారేయి అన్నాను. బోరు వద్దు, ఇల్లు వద్దు, ఆ మూల ఒక్కటి నా పేరున రాసివ్వు, నేను వాళ్ళకు రాసిస్తాను అన్నాను. నాయన నవ్వాడు. షామియానా కింద నవ్విన నవ్వు వేరు. ఇది ఇంటి నవ్వు, చిన్నప్పుడు నేను ఎడ్లబండి తోలతానన్నప్పుడు నవ్విన నవ్వు.

"నేను బతికుండంగా భాగాలేందిరా? ఏమే సిద్దమ్మా, నీ కొడుకు వాటా యేందో తెలుసునా? బొందలగడ్డ అంట!"

అమ్మ పొరక ఆపలేదు. నేను ఆమె దగ్గరికి వెళ్ళి, నీకు ముందే తెలుసునా అని అడిగాను.

"నాకు యెవురు చెప్తారు నాయనా, నేను అడుగుతానా" అంది. తెలుసు. ఊడ్చిన చోటే మళ్ళీ ఊడుస్తోంది.

డిసెంబరు 2

నాయన నాతో మాట్లాడటం లేదు. లేదా నేనే మాట్లాడటం లేదు. మిట్టకు వెళ్ళాను. ఏమీ లేదు.

డిసెంబరు 3, బుధవారం

నిన్న రాత్రంతా కూర్చుని కరపత్రం రాశాను. మొదటి పేజీ మా నాయన. రెండో పేజీ జయపాల్. 'ప్రజాద్రోహులారా' అని మొదలుపెట్టాను. నెత్తుటి చుక్క, పెట్టుబడి కోరలు, చరిత్ర తీర్పు, అన్నీ వచ్చాయి. చదువుకుంటే నాకే ఒళ్ళు గగుర్పొడిచింది. అచ్చుకు ఇచ్చే ముందు జయపాల్ మొహం మీద చదివి వినిపించాలని వాళ్ళింటికి పోయాను. చెప్పకుండా వెనకనుంచి పొడిచే రకం నేను కాదని ఆయనకు తెలియాలి. నాకూ తెలియాలి.

జయపాల్ మంచం మీద, వదిన పొయ్యి దగ్గర. జయపాల్ తల్లి వరమ్మ పెద్దమ్మ గడపలో కూర్చుని కందులు చెరుగుతోంది. ఆమెకు చదువు రాదు. "గట్టిగా చదువు నాయనా, నేను కూడా వింటా" అంది.

చదివాను. శ్మశానం బేరం దగ్గరికి వచ్చేసరికి చేట ఆగింది.

"ఆగు. యేంది బేరం?"

ఆమెకు వాళ్ళు చెప్పలేదు. నాకు ఆ సంగతి తెలియదు. చదివిందే మళ్ళీ చదివాను, ఈసారి మెల్లగా.

"జయపాలూ, ఇది నిజమేనా?"

"అమ్మా, కంచె వేస్తానన్నాడు. నాయన ఉండాడు ఆడ. రేపు నువ్వు..."

"రేపు నేను యాడ పండుకోవల్లనో నువ్వు చూసుకుంటివా?" ఆమె గట్టిగా మాట్లాడలేదు. "మీ నాయన యేనాడన్నా అబద్ధమాడినాడా? ఆడితే ఈ పాటికి మనకు మిద్దె ఉండేది. అబద్ధానికి కొన్న మన్ను నా మీద వేస్తే నేను పండుకోలేను నాయనా. వీపులో రాయి మాదిరి గుచ్చుకుంటాది."

"కంచె వేస్తే?"

"వేయనీ. కంచె యివతల నిలబడి పాట పాడతాం. పాట లోపలికి పోదా?"

జయపాల్ రెండు చేతులతో మొహం మూసుకున్నాడు. నాకు జాలి వేయలేదు. కొంచెం వేసింది. నేను క్షమించలేదు, అది ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను. చెప్పి ఉండవచ్చు కదా! మీ నాయన నా మెడ మీద కాలు పెట్టాడురా అని నాకు ఒక్కడికి చెప్పి ఉంటే! నన్ను పిల్లోణ్ణి చేసి నవ్వించేకంటే అది సులువు కదా! అదే అడిగాను.

"చెప్తే నువ్వు యేం చేస్తాంటివి?" అన్నాడు చేతుల వెనకనుంచి. "ఆ పొద్దే మీ నాయన మీదికి పోతాంటివి. తెల్లారేసరికి కంచె పడతాంది."

నిజమే, పోయేవాణ్ణే.

పెద్దమ్మ చేట పక్కన పెట్టి నన్ను దగ్గరికి పిలిచింది. "ఆ ద్రోహులు అంటే యెవురు, నా కొడుకేనా?"

"...అవును పెద్దమ్మా."

"ఊ. శానా అరిచినావు కాగితంలో. కోరలంట, నెత్తురంట. అంతా విన్యా. వింటే నాకు కూడా లేచి పోదామనే అనిపించింది. యాడికి పోవల్ల? యెప్పుడు పోవల్ల? అది మాత్రం యాడా రాయలేదే?"

నిస్సీ వదిన పొయ్యి దగ్గర నవ్వు ఆపుకోలేకపోయింది. నాకు చెవులు కాలిపోయాయి. రెండు పేజీలు వెదికాను. నిజమే, లేదు.

"మళ్ల రాయి. నేను చెప్తా, నువ్వు రాయి. చిన్నదిగా రాయి. మీ నాయన చేసింది చేసినట్లు రాయి. నా కొడుకు చేసింది కూడా రాయి, పేరు వద్దు, పేరు యెట్లా అందురికీ తెలుసు. నా పేరు మటుకు పెట్టు. యెవురు చెప్పినారంటే వరమ్మ చెప్పిందను."

"జయపాలన్న వస్తాడా?" అని ఆమెనే అడిగాను, ఆయన్ను అడగలేక.

"నా మాట యెవురు నమ్ముతారింక?" అన్నాడు ఆయన.

"నిన్ను నమ్మేదానికి యెవురూ రారు," అంది పెద్దమ్మ. "పిట్ట గొంతు వినేదానికి వస్తారు. నువ్వు నోరు మూసుకోని కూచో, చాలు."

డిసెంబరు 4, గురువారం

జిరాక్సు షాపు నుంచి వచ్చాను. రేపు పంచాలి, మొదటి కాగితం మా గడపలోనే. నాయన చదివాక నేను ఈ ఇంట్లో ఉంటానో లేదో. అమ్మ నా రెండు చొక్కాలు ఉతికి, అడగకుండానే సంచిలో పెట్టింది.

ఈ సాయంత్రం కూడా మిట్ట మీద పలకలేదు.

కాగితం ఇక్కడ దించుకుంటున్నాను.

ఊరి జనానికి,

కలివిమిట్ట మీద కలివికోడి పలికింది. అది స్పీకరు గొంతని ప్రజాభిప్రాయ సేకరణలో చెప్పిన మాట అబద్ధం. ఆ సాయంత్రం స్పీకరు చర్చిలో ఉంది. అబద్ధం చెప్పించింది మా నాయన పుల్లయ్య. సమాధుల తోట రాసిస్తానని ఆశ చూపి, కంచె వేస్తానని భయపెట్టి చెప్పించాడు. చెప్పిన మనిషి మీకు తెలుసు. ఆయన తల్లి వరమ్మే ఈ కాగితం రాయించింది. రాసింది నేను, పుల్లయ్య కొడుకు ఓబుళేశు. సెల్లుకోడి అన్నా పలుకుతాను.

శనివారం సర్వే సారు మిట్ట మీదికి వస్తున్నాడు. ఎవరి మాటా నమ్మవద్దు, నా మాట కూడా. వచ్చి వినండి. పలుకుతుందని హామీ ఇవ్వలేను. పలికితే వినడానికి ఊరు ఉండాలి. పలకకపోతే, మేము అక్కడ కూర్చుని విన్నామని చెప్పడానికైనా ఊరు ఉండాలి.

సెల్లు ఫోన్లు, స్పీకర్లు, రేడియోలు ఇళ్ళలోనే పెట్టి రండి. మిట్ట మీద గొంతు వినబడితే అది ఎవరి జేబులోదో అని ఎవరూ అనకూడదు. తెల్ల బట్టలు వద్దు. కాళ్ళకు గట్టి చెప్పులు, ముళ్ళున్నాయి. ఎక్కాక దగ్గు వచ్చినా కొంగు అడ్డం పెట్టుకోండి.

అందరం మొదట సమాధుల తోట దగ్గర కలుద్దాం. అక్కడ కంచె ఉంటే కంచె పక్కన. వరమ్మ ఒక పాట పాడుతుంది, తరువాత మాటల్లేకుండా మిట్టకు నడుద్దాం.

డిసెంబరు 6, శనివారం, సాయంత్రం ఐదు గంటలకు. ఏసేపు సమాధి దగ్గరికి రండి.